రాడ్లు కాల్చకుండా వెల్డరు కాలేడు

సంపాదకుల వారికి నమస్కారం.

తెలంగాణలోని 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. ఆనాటి నుంచి ఆ వార్త ఏ పత్రికలో కనిపించినా కత్తిరించి దాచుకుంటున్నాను. ముప్పై నాలుగేళ్లు ఐటీఐలలో ఫిట్టర్ ట్రేడు (యంత్ర భాగాలను కొలతకు తయారుచేసి బిగించే పని) నేర్పి, అదే సంవత్సరం పదవీ విరమణ చేసినవాణ్ని కాబట్టి ఆ ఆసక్తి సహజమే అనుకుంటాను. టాటా టెక్నాలజీస్ సంస్థతో కలిసి 2,324 కోట్ల రూపాయలతో తలపెట్టిన ఈ పనిలో రోబోటిక్స్, సీఎన్‌సీ మెషినింగ్ (కంప్యూటరు నడిపే యంత్రంతో లోహాన్ని కోయడం), ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ వంటి కోర్సులు మన జిల్లాల పిల్లలకు అందుబాటులోకి వస్తున్నందుకు నిజంగా సంతోషించాను. ఇదే పద్ధతిలో కర్ణాటక ముందుగా 150 ఐటీఐలను, తర్వాత తమిళనాడు 71 ఐటీఐలను మార్చుకున్నాయి. మన వంతు ఆలస్యంగా వచ్చినా వచ్చింది. అయితే ఆ కత్తిరింపులన్నీ ముందేసుకుని చూసినప్పుడు వాటిలో భవనాల ఫొటోలు, యంత్రాల ధరలు, శంకుస్థాపనల తేదీలే ఎక్కువగా కనిపించాయి. ఆ యంత్రం ముందు నిలబడి నేర్పే మనిషి గురించి, దానిమీద పిల్లవాడు కోసి, రుద్ది, కాల్చి పాడుచేసుకునే సరుకు గురించి నాలుగు వాక్యాలు కూడా దొరకలేదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

కొన్నేళ్ల క్రితం జరిగిన ఒక సంగతి చెబుతాను. నేను పనిచేసిన ఒక ఐటీఐలో వెల్డర్ ట్రేడు పూర్తిచేసిన ఒక కుర్రవాడు గల్ఫ్ ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ట్రేడ్ టెస్టుకు వెళ్లాడు. ఉత్తర తెలంగాణలో మా ఊళ్లలో ఇంటికొకరు దుబాయి, మస్కట్, దోహాలకు వెళ్లినవారే. వారిలో ఎక్కువమంది హెల్పరు వీసాల మీద వెళ్లి ఎండలో ఇటుకలు, సిమెంటు మోసినవారు. ఈ అబ్బాయి చేతిలో నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి వెల్డరుగానే వెళ్తాడని ఇంట్లో అందరూ ఆశపడ్డారు. పరీక్షలో అతనికి నలభై అయిదు డిగ్రీల ఏటవాలుగా బిగించిన పైపు ఇచ్చారు. వెల్డర్లు దీన్నే సిక్స్‌జీ పొజిషన్ అంటారు. పైపు కదలదు, మనిషే దాని చుట్టూ వంగి, కూర్చుని, మెడ తిప్పి, ఒకే వాటంలో జాయింటు వేసుకుంటూ రావాలి. పైనుంచి చూసేటప్పుడు బాగానే కనిపించే జాయింటు లోపల, మొదటి పొరలో, కరిగిన లోహం సరిగా దిగిందో లేదో ఎక్స్‌రే తీస్తేగానీ తెలియదు. ఆ కుర్రవాడికి ఎక్స్‌రే దాకా కూడా వెళ్లే అవకాశం రాలేదు. పైపు అడుగు భాగానికి వచ్చేసరికి చెయ్యి వణికి, రాడ్డు అంటుకుపోయి, అక్కడే చిల్లు పడింది. తిరిగి వచ్చి నా దగ్గర కూర్చుని అతను అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "సార్, ఏడాది మొత్తంలో నేను పైపు మీద ఒక్కసారి కూడా రాడ్డు కాల్చలేదు. ప్లేటు మీద కూడా మేము కాల్చింది ఎంత సార్" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. ఆ ఏడాది మా స్టోర్‌లో వెల్డింగ్ రాడ్లు ఎప్పుడు వచ్చాయో, ఎన్ని ప్యాకెట్లు వచ్చాయో నాకు తెలుసు. సిలబస్ పుస్తకంలో పైపు వెల్డింగ్ ఉంది. వర్క్‌షాపులో మాత్రం ముక్కలు చేయడానికి పైపు లేదు. కాల్చిన ప్లేటునే గ్రైండ్ చేసి మళ్లీ కాల్పించేవాళ్లం. ఆ ముక్క పలచబడి చిల్లులు పడేదాకా వాడేవాళ్లం. ఆ ఏడాది మా బ్యాచిలో ఇరవై మంది. అయిదు వెల్డింగ్ బూత్‌లలో మూడే పనిచేసేవి. ఇప్పటి లెక్క ప్రకారం ఐటీఐలో ఏడాదికి 1,200 గంటల శిక్షణ ఉంటే అందులో 840 గంటలు ప్రాక్టికల్. ఆ 840 గంటలూ కరెంటు పోకుండా, రాడ్లు అయిపోకుండా, ఒక్క రోజు కూడా వృథా కాకుండా మూడు బూత్‌లు నడిచినా ఒక్కో పిల్లవాడికి దక్కేది 126 గంటలు. రాడ్లు లేని రోజులు, శిక్షకుడు వేరే డ్యూటీకి వెళ్లిన రోజులు తీసేస్తే అందులో సగమైనా మిగలదు. సర్టిఫికెట్ మీద మాత్రం ఏడాది శిక్షణ అనే ఉంటుంది. దాన్ని చూసి పనిలో పెట్టుకున్న యజమాని వారం రోజుల్లోనే "ఐటీఐ వాళ్లకు పని రాదు" అంటాడు. ఆ మాట మరో పదిమంది పిల్లల అవకాశాన్ని కూడా తినేస్తుంది.

వృత్తివిద్యకు మిగతా చదువులకు తేడా ఇక్కడే ఉందని నా అనుభవం. లెక్కల పాఠానికి సుద్దముక్క, నల్లబల్ల ఉంటే చాలా దూరం వెళ్లవచ్చు. చేతిపని అలా రాదు. సరుకు పాడైతేగానీ చెయ్యి కుదరదు. మొదటి నెలలో పిల్లవాడు పాడుచేసే ఇనుము, విరగ్గొట్టే హ్యాక్‌సా బ్లేడ్లు, అరగ్గొట్టే డ్రిల్ బిట్లు అన్నీ శిక్షణలో భాగమే. అయినా మన ఆడిట్ పద్ధతిలో అవి నష్టం కింద వస్తాయి. యంత్రం కొంటే అది ఆస్తి, కాబట్టి దానికి ఒకేసారి కోట్లు మంజూరవుతాయి. రాడ్లు, ప్లేట్లు, కటింగ్ ఆయిల్, టూల్ బిట్లు ఖర్చు కింద లెక్క, కాబట్టి ప్రతి ఏడాదీ వాటికోసం ఫైలు కదలాలి, కొటేషన్లు పిలవాలి, బిల్లు పాస్ కావాలి. సెషన్ ఆగస్టులో మొదలైతే సరుకు వచ్చేసరికి సంక్రాంతి సెలవులు వచ్చిన సంవత్సరాలు నేను చూశాను. సీఎన్‌సీ యంత్రంలో వాడే కార్బైడ్ ఇన్సర్టులు (కోసే మొనకు బిగించే గట్టి బిళ్లలు) మా పాత టూల్ బిట్ల కంటే ఖరీదైనవి. పాత లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద టూలు మొండిదైతే గ్రైండింగ్ వీల్ మీద మళ్లీ పదును పెట్టుకునేవాళ్లం. ఇన్సర్టు అంచులన్నీ అరిగితే పారేసి కొత్తది పెట్టవలసిందే. అంటే కొత్త యంత్రాలతో పాటు సరుకు ఖర్చు తగ్గదు, పెరుగుతుంది. ఆ పెరిగిన ఖర్చు ఎవరు భరిస్తారో, ఏ పద్దు కింద భరిస్తారో ఇప్పుడే తేల్చకపోతే లక్షల విలువైన యంత్రాల మీద గుడ్డ కప్పి, చూడటానికి వచ్చిన అధికారుల ముందు మాత్రమే ఆన్ చేసే పరిస్థితి వస్తుందని నా భయం. పాత పథకాల్లో వచ్చిన కొన్ని యంత్రాలకు ఆ గతి పట్టడం కళ్లారా చూశాను కాబట్టి ఈ మాట అంటున్నాను.

ఇక నేర్పే మనుషుల సంగతి. ప్రభుత్వం 2021లో ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 61కి పెంచడంతో మూడేళ్లపాటు మా శాఖలోనూ విరమణలు దాదాపు ఆగిపోయాయి. 2024 నుంచి అవి మళ్లీ మొదలయ్యాయి. నాతో పాటు ఉద్యోగంలో చేరిన తరం, అంటే ఆకురాయి పట్టుకోవడం దగ్గర నుంచి లేత్ మీద మర చుట్టడం దాకా చేత్తో నేర్చుకుని, నేర్పిన తరం, ఒక్కొక్కరుగా బయటికి వస్తోంది. నేను వదిలి వచ్చిన కుర్చీలో నాకు తెలిసినంతవరకు ఇంకా రెగ్యులర్ మనిషి కూర్చోలేదు. గంటల లెక్కన గౌరవ వేతనం తీసుకునే ఒక యువకుడు నెట్టుకొస్తున్నాడు. చురుకైనవాడు, కష్టపడేవాడు. కానీ వచ్చే ఏడాది తాను అక్కడ ఉంటాడో లేదో అతనికే తెలియదు. పిల్లల చేతి వాటం తెలుసుకోవడానికి ఒక శిక్షకుడికి రెండు మూడు బ్యాచ్‌లు పడుతుంది. ఎడమచేతివాటం పిల్లవాడికి వైస్ (ఇనుప ముక్కను బిగించే పట్టు) ముందు ఎలా నిలబడాలో చెప్పడం, ఒత్తిడి ఎక్కువ పెట్టే పిల్లవాడి మోచేతిని పట్టుకుని సరిచేయడం, భయపడే పిల్లవాడిచేత మొదటిసారి ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) వెలిగించడం అనేవి పుస్తకంలో లేని విద్యలు. ఏటేటా మనిషి మారిపోతే అవి ఎవరికీ పట్టుబడవు.

శిక్షకులను తయారుచేసే వ్యవస్థ మన దగ్గర లేకపోలేదు. హైదరాబాద్ విద్యానగర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలో ఏడాదిపాటు క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ ఇస్తారు. పని ఎలా చేయాలో తెలిసినవాడికి ఆ పనిని ఎలా నేర్పాలో నేర్పే శిక్షణ అది. నేను స్వయంగా ఆ ఏడాది గడిపాను. నాకు పని తెలుసుననే గర్వాన్ని మొదటి వారంలోనే వదిలించిన చోటు అది. ఒక ఆపరేషన్‌ను ఎన్ని మెట్లుగా విడగొట్టాలో, ఏ మెట్టు దగ్గర చెయ్యి తెగే ప్రమాదం ఉందో, పిల్లవాడికి ముందు చూపించి తర్వాత చెప్పాలా, ముందు చెప్పి తర్వాత చూపించాలా అన్నవన్నీ అక్కడే తెలిశాయి. ఇప్పుడు కొత్త కోర్సులకు కంపెనీల తరఫున నిపుణులు వచ్చి నేర్పడం మంచిదే. కానీ ఒప్పందానికి ఒక గడువు ఉంటుంది. గడువు ముగిసిన నాడు ఆ రోబో ముందు నిలబడేది మన శాఖ మనిషే కావాలి. అతన్ని ఈనాడే నియమించి, ఆ నిపుణుడి పక్కన రెండేళ్లు నిలబెట్టాలి. పది రోజుల ఓరియంటేషన్‌తో పని అయిపోయిందనుకోకూడదు.

భవిష్యత్తు ఉద్యోగాలు వేరు, పాత ట్రేడులు వేరు అన్నట్టుగా మాట్లాడటం కూడా ఈ మధ్య ఎక్కువగా వింటున్నాను. దీనితో నేను ఏకీభవించను. ఫిట్టర్ ట్రేడులో చేరిన ప్రతి పిల్లవాడికీ మొదట ఇచ్చే పని ఒక ఇనుప ముక్కను ఆకురాయితో రుద్ది చదును చేయడం. చూసేవాళ్లకు ఇంత యంత్రయుగంలో ఇది వెర్రి పనిలా కనిపిస్తుంది. ముక్క చదును అయిందో లేదో చూడటానికి దానిమీద ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి, కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, ఆ సందులోంచి వెలుతురు వస్తోందా అని చూస్తారు. మొదటి వారం అందరి ముక్కల్లోంచీ వెలుతురు వస్తుంది. మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంటుంది. ఎందుకంటే ఆకురాయి ముందుకు పోయేటప్పుడు రెండు చేతుల ఒత్తిడి ఎప్పటికప్పుడు మారాలన్న సంగతి చేతికి ఇంకా తెలియదు. ఏదో ఒక రోజు, మూడో వారంలోనో నాలుగో వారంలోనో, ఒక పిల్లవాడు ముక్కను కిటికీ వైపు ఎత్తి, కళ్లు చికిలించి, ఏమీ మాట్లాడకుండా నా వైపు చాచేవాడు. వెలుతురు లేదు. ఆ క్షణంలో ఆ పిల్లవాడి ముఖం చూడటం కోసమే నేను ముప్పై నాలుగేళ్లు ఆ ఉద్యోగం చేశాను అనిపిస్తుంది. మిల్లీమీటరులో వందో వంతు అంటే ఏమిటో ఆనాడు అతని చేతికి తెలిసింది. రేపు అతను సీఎన్‌సీ యంత్రం ముందు నిలబడి తెరమీద 0.01 అన్న అంకె చూసినప్పుడు అది అతనికి ఉత్త అంకె కాదు. టూలు అరిగినప్పుడు యంత్రం శబ్దం మారుతుంది. ఆ మార్పును తెర చెప్పకముందే పట్టుకునే చెవి పాత లేత్ దగ్గర తయారవుతుంది. కొత్త కోర్సులు పెడుతూ పాత వర్క్‌షాపులను మూలన పడేస్తే పునాది తీసి పై అంతస్తు కట్టినట్టవుతుంది.

కొత్త పనుల్లోనూ కొరత ఉన్నది ఈ మూల జ్ఞానానికే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్ల మీద సోలార్ పలకలు. మా వీధిలోనే ఒక ఇంటి మీద పలకలు బిగించిన కుర్రాళ్లు డీసీ కేబుల్ జాయింటుకు కనెక్టరు వేయకుండా మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టి వెళ్లారు. ఎర్తింగ్ తీగను గోడకు ఆనించి వదిలేశారు. డీసీ కరెంటులో వదులు జాయింటు దగ్గర పుట్టే మెరుపు ఏసీలో లాగా తేలిగ్గా ఆరిపోదని, దాంతో ఇల్లు తగలబడే ప్రమాదం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్లు మోసగాళ్లు కారు. పలకలు మోయడానికి వచ్చి, చూసి నేర్చుకున్నవాళ్లు. మన రాష్ట్రంలో ఇంత సోలార్ పని జరగబోతున్నప్పుడు ఆ పనికి ఎలక్ట్రీషియన్ చదివిన పిల్లలను తయారుచేసుకోకపోవడం అవకాశాన్ని కాలదన్నుకోవడమే.

అప్రెంటిస్‌షిప్ గురించి, అంటే కర్మాగారంలో పనిచేస్తూ నేర్చుకునే పద్ధతి గురించి, కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే నా దృష్టిలో ఈ వ్యవస్థ మొత్తానికి వెన్నెముక అదే. అప్రెంటిసుల చట్టం 1961 నాటిది. ముప్పై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం మేరకు అప్రెంటిసులను తీసుకోవాలని 2019లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. ఐటీఐ చదివినవారికి అప్పట్లో నిర్ణయించిన కనీస స్టైపెండ్ నెలకు 7,000 రూపాయలు. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో పావు వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. నేను 1980లలో హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరినప్పుడు మాకు విడిగా ఒక శిక్షణ షాపు ఉండేది, దానికి ఒక ఫోర్‌మన్ ఉండేవాడు. మొదటి ఆరు నెలలు మమ్మల్ని ఉత్పత్తి వైపు వెళ్లనిచ్చేవారు కాదు. తర్వాత ఒక్కో విభాగంలో ఇన్ని వారాలని తిప్పేవారు. ఏ వారం ఏం నేర్చుకున్నామో డైరీలో బొమ్మ గీసి ఫోర్‌మన్ సంతకం చేయించుకోవాలి. హెచ్ఎంటీ, ప్రాగా టూల్స్, ఆల్విన్ వంటి కర్మాగారాలు చితికిపోయినప్పుడు ఉద్యోగాలు పోయాయని అందరూ బాధపడ్డారు. అవి ఒక నగరానికి నేర్పిన పని కూడా వాటితో పాటే పోయిందని చాలామంది గుర్తించలేదు. బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ లాంటి చోట విద్యార్థులు పరిశ్రమలకు నిజంగా అవసరమైన పనుల మీదే చెయ్యి తిప్పుకుంటారు కాబట్టి అక్కడ చదివినవారికి ఈనాటికీ గిరాకీ ఉంది.

ఇప్పటి పిల్లల అప్రెంటిస్‌షిప్ ఎలా ఉందో నా శిష్యుల మాటల్లోనే విన్నాను. ఒకడు ఫిట్టర్ పూర్తిచేసి, నగర శివార్లలోని ఒక కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరాడు. ఏడాది మొత్తం ప్యాకింగ్ విభాగంలో అట్టపెట్టెలకు టేపు అంటించాడు. మెషిన్ షాపులోకి వెళ్లడానికి వాళ్లకు గేటు పాసు కూడా లేదు. ఏడాది అయ్యాక ధ్రువపత్రం ఇచ్చి పంపేశారు, అతని స్థానంలో మరో అప్రెంటిస్ వచ్చాడు. చట్టం ప్రకారం అతను శిక్షణ పొందుతున్నవాడు. ఆ కర్మాగారం లెక్కలో మాత్రం కనీస వేతనం ఇవ్వనక్కరలేని కూలీ. 2014 సవరణతో ఈ చట్టం ఉల్లంఘనకు జైలుశిక్ష తీసేసి జరిమానాతో సరిపెట్టారు. పరిశ్రమలు భయం లేకుండా అప్రెంటిసులను తీసుకోవాలన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ ఎంతమందిని తీసుకున్నారన్న లెక్కతో ఆగిపోకుండా, తీసుకున్నవాళ్లకు ఏం నేర్పారన్నది చూసే కన్ను ఒకటి ఉండాలి కదా. పాత డైరీ పద్ధతిని మళ్లీ తెచ్చి, మూడు నెలలకోసారి ఆ పిల్లవాడు చదివిన ఐటీఐ శిక్షకుడే కర్మాగారానికి వెళ్లి చూసి రావాలని నియమం పెడితే సగం అక్రమాలు ఆగిపోతాయి. శిక్షకుడికీ పరిశ్రమలో కొత్తగా ఏం వచ్చిందో తెలుస్తుంది.

ఈ విషయంలో జర్మనీ పేరు అందరూ చెబుతారు. అక్కడ పిల్లవాడు కంపెనీతో ఒప్పందం చేసుకుని, వారంలో ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలకు, మిగతా రోజులు పనికి వెళ్తాడు. పరీక్ష నిర్వహించేది పరిశ్రమల, వాణిజ్య మండలి. మనవాళ్లు అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. అక్కడ కంపెనీలో అప్రెంటిస్‌కు నేర్పే బాధ్యత తీసుకున్న ఉద్యోగి తాను నేర్పడానికి అర్హుడినని విడిగా ఒక పరీక్ష పాసై ఉండాలి. ఐటీఐ, పరిశ్రమ కలిసి నేర్పే మన ద్వంద్వ శిక్షణ విధానంలో ఈ ముక్క లేదు. దేశంలో 19 నుంచి 24 ఏళ్ల మధ్య వయసువారిలో లాంఛనంగా వృత్తివిద్య పొందినవారు అయిదు శాతం కంటే తక్కువేనని, జర్మనీలో ఇది 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతమని 2020 జాతీయ విద్యావిధానం రాసుకుంది. ఆ అంకెలు చూసి సీట్లు పెంచడానికే పరుగెడితే ప్రయోజనం లేదు. ఇప్పుడున్న సీట్లలో చేరిన పిల్లవాడికి నిజంగా పని వచ్చేలా చేస్తే, వాణ్ని చూసి పక్కింటివాడు తానే వచ్చి చేరతాడు.

తల్లిదండ్రుల ఆలోచన మారాలని సభల్లో వక్తలు చెబుతుంటారు. ఆ నింద పూర్తిగా తల్లిదండ్రుల మీద వేయడం న్యాయం కాదని నాకనిపిస్తుంది. పదో తరగతి పాసైన కొడుకును తీసుకుని అడ్మిషన్ల సమయంలో నా దగ్గరికి వచ్చిన తండ్రులు అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఇది చదివితే ఇక్కడితో ఆగిపోతాడా సార్?" ఆగనక్కరలేదు. ఐటీఐ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు, డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఈ దారి ఉందని పదో తరగతి ఉపాధ్యాయుల్లోనే చాలామందికి తెలియదు. నా శిష్యుల్లో ఈ దారిన వెళ్లి ఇంజినీర్లైనవారు కొందరున్నారు. ఇంజినీరింగ్ చదివిన మిగతావారికంటే వాళ్లకు డ్రాయింగు చూడగానే యంత్రం కళ్లముందు కదులుతుంది. ఇంకోవైపు, అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల్లో అయిదారేళ్లుగా గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న డిగ్రీ పిల్లలనూ నేను ఎరుగుదును. వారి పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. అదే హైదరాబాద్‌లో కట్టే ప్రతి పెద్ద భవనంలో టైల్స్, ప్లంబింగ్, ఫాల్స్ సీలింగ్ పనులకు బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి కార్మికులు వస్తున్నారు. వాళ్లు రావడం తప్పు కాదు, మన పిల్లలు గల్ఫ్‌కు వెళ్లినట్టే వాళ్లూ వస్తారు. మన పిల్లలకు ఆ పని గౌరవంగా, మంచి కూలీతో, ధ్రువపత్రంతో దొరికే ఏర్పాటు మనం చేయలేదన్నదే నా బాధ.

ఆడపిల్లల గురించి ఒక మాట. వారిని ఇంకా డ్రెస్ మేకింగ్, కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడుల్లోనే చేర్పించడం మా శాఖ అలవాటుగా మారింది. శ్రీసిటీలో సెల్‌ఫోన్లు బిగించే కర్మాగారాల్లో ఎక్కువగా పనిచేస్తున్నది ఆడపిల్లలే. ఆ సన్నని పని చేయగలిగిన చేతులు ఎలక్ట్రానిక్స్, మెకాట్రానిక్స్ ట్రేడుల్లోనూ రాణిస్తాయి. దానికి ముందు వర్క్‌షాపు పక్కన వాళ్లకు ఒక శుభ్రమైన మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఉండాలి. నేను పనిచేసిన చోట ఆ గది కోసం పెట్టిన అర్జీ నేను రిటైరయ్యేదాకా పెండింగులోనే ఉంది.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు ఏడాదిలో పది రోజులు బడి సంచీ లేకుండా వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తోటమాలి వంటి వృత్తికారుల దగ్గర పని చూసి నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానంలో ఉంది. ఆ పది రోజుల్లో రెండు రోజులు దగ్గరలోని ఐటీఐకి పంపండి. ఖర్చు ఏమీ ఉండదు. ఒకసారి మా ఐటీఐకి దగ్గరలోని జిల్లా పరిషత్ బడి పిల్లలను తీసుకొచ్చారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె హ్యాక్‌సాతో ఒక రాడ్డు కోసి, తెగిన ముక్క చేత్తో పట్టుకుని "వేడిగా ఉంది సార్!" అంటూ ఆశ్చర్యపోయింది. రాపిడి వల్ల వేడి పుడుతుందన్న పాఠం ఆ అమ్మాయి ఇక మరిచిపోదు.

కేంద్ర మంత్రివర్గం 2025 మే నెలలో దేశంలోని 1,000 ప్రభుత్వ ఐటీఐలను తీర్చిదిద్దడానికి 60,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అందులో 30,000 కోట్లు కేంద్రం, 20,000 కోట్లు రాష్ట్రాలు, 10,000 కోట్లు పరిశ్రమలు పెట్టుకోవాలి. శిక్షకులకు శిక్షణ ఇచ్చే అయిదు జాతీయ సంస్థలను పెంపొందించడం కూడా అందులో ఉంది, ఆ అయిదింటిలో హైదరాబాద్ ఒకటి. అంటే మన పొరుగు రాష్ట్రాల శిక్షకులు కూడా నేర్చుకోవడానికి మన రాజధానికే వస్తారు. మీర్‌ఖాన్‌పేటలో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ కూడా తయారవుతోంది. డబ్బు లేదన్న మాట ఇక చెప్పడానికి లేదు. కాబట్టి రాష్ట్ర ప్రభుత్వానికి మీ పత్రిక ద్వారా నేను చేసే విన్నపాలు రెండే. ప్రతి ఐటీఐలో ఒక్కో ట్రైనీకి ఏడాదికి ఎంత ముడిసరుకు ఇవ్వాలో ట్రేడువారీగా నిర్ణయించి, ఆ మొత్తాన్ని సెషన్ మొదలయ్యే ఆగస్టుకు ముందే ప్రిన్సిపాల్ ఖాతాలో వేయాలి. దాన్ని ఖర్చుపెట్టడం నేరం కాదని, మిగల్చడమే తప్పని ఆడిట్ శాఖకు స్పష్టంగా చెప్పాలి. ఖాళీ అయిన శిక్షకుల పోస్టులను, విద్యానగర్ శిక్షణ పొందినవారితో, రెగ్యులర్‌గా భర్తీ చేయాలి. గంటల లెక్కన పనిచేస్తున్నవారిలో అర్హత ఉన్నవారికి అందులో మొదటి అవకాశం ఇవ్వాలి.

మీకు కూడా ఒక విన్నపం ఉంది. ఈసారి ఏదైనా అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్ ప్రారంభోత్సవానికి మీ విలేకరి వెళ్లినప్పుడు, రిబ్బన్ కత్తిరింపు ఫొటో తీసుకున్న తర్వాత పది నిమిషాలు స్టోర్ రూముకు వెళ్లమనండి. అక్కడ స్టాక్ రిజిస్టరు అని ఒక పొడవాటి పుస్తకం ఉంటుంది. వెల్డింగ్ రాడ్లు చివరిసారి ఏ తేదీన వచ్చాయో, ఎన్ని కిలోలు వచ్చాయో, ఎంతమంది పిల్లలకు ఎన్ని ఇచ్చారో అందులో రాసి ఉంటుంది. ఆ మూడు అంకెలను ఆ ఫొటో కింద ప్రచురించండి.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ శిక్షకుడు (ఫిట్టర్ ట్రేడు),
జగిత్యాల జిల్లా